ఎగైలా నుంచి వచ్చిన ఉప్పు

మీ వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఏం రాసి ఉందో మీరు ఎప్పుడైనా చదివారా? ఉప్పు మీద చదవడానికేముంటుంది అనుకుంటున్నారు కదూ. నేనూ అలాగే అనుకున్నాను. అదీ, మనుషుల నెత్తుటిలో ఏ ఉప్పు ఎంత ఉందో కొలవడమే ఉద్యోగంగా బతుకుతూ. ఆ చదవకపోవడం వల్ల ఒక నాలుగేళ్ళ పాప గుండె ఆగిపోయేదాకా వచ్చింది. ఇందులో దేవుడి తప్పు లేదు, దెయ్యం తప్పు లేదు. ఉన్నదంతా మా తప్పే. ఎక్కువ వాటా నాది.

కువైట్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. సోడియం ఎంత, పొటాషియం ఎంత, క్రియాటినిన్ ఎంత అని యంత్రం చెప్పిన అంకెను చూసి, అది నమ్మదగినదో కాదో తేల్చి వార్డుకు పంపడం నా పని. డ్యూటీ లేని శుక్రవారాలను నేను ఊరికే పోనిచ్చేవాణ్ణి కాదు. సబ్హాన్‌లో ఒక లేత్ వర్క్‌షాపు వెనక రేకుల గదిలో మనవాళ్ళను పోగుచేసి మాట్లాడేవాణ్ణి. ఖాళీ చేతిలోంచి విభూతి రాల్చి చూపించి, అది వేళ్ళ సందున ఎలా దాచానో చెప్పేవాణ్ణి. దిష్టి తీయడం మీద, శకునాల మీద, జ్వరమొస్తే మందు మానేసి ముడుపు కట్టడం మీద గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా దులిపేవాణ్ణి. వాళ్ళు నాకు ‘తాయెత్తుల సారు’ అని పేరు పెట్టారు. కడతానని కాదు, తెంపిస్తానని.

ఒక శుక్రవారం నీళ్ళ విరేచనాల గురించి చెప్పాను. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు నీళ్ళు ఆపేయడం మన ఊళ్ళలో పాత అలవాటు. తాగితే ఇంకా పారుతుందని భయం. ఆ భయంతో ఎండిపోయి చచ్చిన పిల్లలు ఎంతమందో. అందుకని అందరి ముందూ అరలీటరు నీళ్ళు తెప్పించి, మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, పిడికెడు చక్కెర కలిపి, తలా ఒక గుక్క తాగించాను. “రుచి చూడండి. కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలి, అంతకు మించకూడదు” అన్నాను. “మీ బిడ్డ ప్రాణం గుళ్ళో లేదు, మీ వంటింట్లో ఉంది” అని ముగించాను. చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. తర్వాత చాలాసార్లు వాడాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ వర్క్‌షాపు ఫోర్‌మన్ కడప వైపు మనిషి. నా మాటలు విని మొదట మారినవాడు అతనే. చేతి తాడూ, మొలతాడూ నా ఎదుటే తెంపేశాడు. ఫ్యామిలీ వీసా మీద భార్యనూ నాలుగేళ్ళ కూతుర్నీ తెచ్చుకున్నాడు. అతని అక్క ఎగైలాలో ఒక కువైటీల ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి యజమానురాలిని అందరిలాగే ‘మామా’ అనేది. శుక్రవారం రెండు గంటలు సెలవు దొరికితే తమ్ముడింటికి వచ్చేది. నేనంటే ఆమెకు పడదు.

“మావోని మొలతాడు గూడా తెంపించినావంట గదా సారూ. రేపు నిక్కరు యాడ నిలబడతాది?” అంది మొదటిసారి కలిసినప్పుడే.

“బెల్టు ఉందిగా అక్కా.”

“బెల్టు మా మామా కొడుక్కి గూడా ఉండాది. అయినా యెప్పుడు సూసినా సగం జారే ఉంటాది.”

గది గదంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమెను చదువురాని మొండిమనిషి కింద జమకట్టేశాను.

ఆ ఏడు వేసవి చివర్లో పాప జారుడుబల్ల మీంచి పడి మోకాలు గీసుకుపోయింది. అది చీము పట్టింది. తర్వాత జ్వరం. మూడో రోజు చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి, పిలిస్తే పలకలేదు, పొద్దుటినుంచి ఉచ్చ పోయలేదు. మా ఆసుపత్రికే తెచ్చారు. నెత్తుటిని కల్చర్ పెడితే సూక్ష్మజీవులు పెరిగాయి. మోకాలి చీము రక్తంలోకి చేరిపోయింది.

రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకితే జ్వరం ఒక్కటే వస్తుందనుకోకండి. రక్తపోటు పడిపోతుంది. అలాంటప్పుడు ఒళ్ళు ముందు మెదడునూ గుండెనూ కాపాడుకుంటుంది, కిడ్నీలకు వెళ్ళే నెత్తురు తగ్గించేస్తుంది. కిడ్నీలు మూత్రం చేయడం మానేస్తాయి. అప్పుడు తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. నీటితో పాటు పొటాషియం ఉండిపోతుంది. పొటాషియం విషమేమీ కాదు. అరటిపండులో ఉంటుంది, పప్పులో ఉంటుంది, అది లేకుండా ఎవరూ బతకరు. ఎక్కువైనదాన్ని కిడ్నీలు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి కాబట్టి మనకు దాని సంగతే తెలియదు. అవి పనిచేయనప్పుడు మాత్రం అది రక్తంలో పేరుకుంటుంది. హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. నొప్పి ఉండదు, కేక ఉండదు. ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

పాపను మూడు రోజులు ఐసీయూలో ఉంచారు. మందు పనిచేసింది. జ్వరం తగ్గింది, రక్తపోటు నిలబడింది, కళ్ళు తెరిచింది. వార్డులోకి మార్చారు. మూత్రం మాత్రం ఇంకా అరకొరే. అందుకని నీళ్ళు కొలిచి ఇవ్వాలని, నర్సు ఇచ్చింది తప్ప నోటికి ఇంకేమీ అందించకూడదని డాక్టరు రాశాడు. ఆయన ఈజిప్టు మనిషి. తల్లి మంచం దగ్గర నిలబడి “మై మమ్నూ, ఖలాస్” అన్నాడు. నీళ్ళు నిషేధం, అంతే. ఆ రెండు ముక్కలూ ఆమెకు అర్థమయ్యాయి. ఎందుకు నిషేధమో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన తెలుగువాణ్ణి నేను రోజుకు రెండుసార్లు ఆ మంచం పక్కనుంచి పోతూనే ఉన్నాను.

“పాప దప్పిక దప్పిక అంటాంది సారూ” అంది ఆ తల్లి.

“మంచిదేగా. తెలివి వచ్చిందన్నమాట” అన్నాను. అని నా దారిన పోయాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళినప్పుడు పాప నన్ను చూసి మూతి తిప్పుకుంది. “చేదు నీళ్ళు వద్దు” అంది.

తల్లి గబుక్కున, “జరం నోరు గదా సారూ, అన్నీ చేదే దానికి” అంది.

“అంతే అంతే” అన్నాను. ఒక నాలుగేళ్ళ పిల్ల నాకు రోగకారణం చెప్పింది. నేను తల ఊపి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున నాకు డ్యూటీ. పాప నమూనా యంత్రంలో పెడితే క్రియాటినిన్ కాస్త దిగింది. అంటే కిడ్నీలు మెల్లగా లేస్తున్నాయి. పొటాషియం మాత్రం నిన్నటి కంటే ఎక్కువ. అలా ఉండకూడదు. సూది గుచ్చేటప్పుడు గట్టిగా పిండితే రక్తకణాలు పగిలి దొంగ అంకె వస్తుంది. నాళిక వెలుతురుకు పెట్టి చూశాను. పైన తేలిన ద్రవం ఎర్రగా లేదు, లేత పసుపు. మళ్ళీ నడిపాను. అదే అంకె. వార్డుకు ఫోన్ చేసి రెండో చేతినుంచి కొత్త నెత్తురు తీయించాను. ఇంకాస్త ఎక్కువ.

డాక్టరు నా మీద అరిచాడు. “మీ యంత్రం చూసుకో.”

“యంత్రం బాగానే ఉంది. పేషెంటును చూసుకోండి” అన్నాను.

చూశాడు. ఈసీజీ గీతలో అలలు నిటారుగా లేచి ఉన్నాయి. గుండెకు కాపుగా కాల్షియం, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కించాడు. డ్రిప్పు సీసా మీద చీటీ చదివాడు. అందులో పొటాషియం లేదు. ఇచ్చే మందుల్లో లేదు. “మరి ఎక్కణ్ణుంచి వస్తోంది?” అన్నాడు. మంచి ప్రశ్న. దానికి సమాధానం నా దగ్గర ముందే సిద్ధంగా ఉంది, అదీ ఖర్మ.

నేను వార్డులోకి వెళ్ళేసరికి మేనత్త మంచం దగ్గర ఉంది. పాప నుదుటి మీద మూడు వేళ్ళ విభూతి. తలగడ కింద కాగితం పొట్లం అంచు కనిపిస్తోంది. బూడిదలో పొటాషియం ఉంటుంది, అది ఏ రసాయనశాస్త్రం పుస్తకం తిరగేసినా తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న దొంగ చేతికి చిక్కినంత సంబరం కలిగింది. అవును, సంబరమే. ఒప్పుకోవాలి.

“ఎంత తినిపించావక్కా దీన్ని?”

“తినిపించేదేంది? నుదుట పెట్టినా.”

“నీళ్ళలో కలిపి ఎంత పోశావు? నిజం చెప్పు. పిల్ల గుండె ఆగిపోతుంది.”

ఆమె మొహం పాలిపోయింది. “నోట్లో ఒక రేణువు గూడా ఎయ్యలే సామీ. మా నాయన మీద ఆన.”

“ఒట్లు నాకొద్దు. నిజం కావాలి.”

“ఒట్టు ఎయ్యకుంటే నమ్మవు. ఏస్తే మూడనమ్మకం అంటావు. నీతో ఎట్ల యాగేదప్పా?”

వార్డులో తల్లులందరూ చూస్తుండగా పొట్లం లాక్కున్నాను. డాక్టరుకు కారణం దొరికిందని చెప్పాను. ఆయనకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా ఇంకో దారి లేక, సరే, తర్వాతి నమూనా చూద్దాం అన్నాడు. నేను ల్యాబుకు వెళ్ళి ఆ బూడిదను తూచి, నీళ్ళలో కలిపి, వడగట్టి, కొలిచాను. పొటాషియం ఉంది. కొంచెం. పొట్లం మొత్తం మింగినా ఆ అంకె రాదు. లెక్క నా కళ్ళెదుటే ఉంది. నేనేం చేశానో తెలుసా? ఇంకో పొట్లం ఎక్కడో ఉండి ఉంటుందనుకున్నాను. నా నమ్మకానికి లెక్క అడ్డొస్తే లెక్కను పక్కకు నెట్టాను. శుక్రవారాలు గొంతు చించుకుని నేను తిట్టే పని సరిగ్గా ఇదే.

మూడు గంటలు అలా పోయాయి. మందులకు ఒకసారి దిగిన అంకె మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కింది. పాపను ఐసీయూకు మార్చడానికి, డయాలసిస్‌కు ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఐసీయూలో మంచం ఖాళీ చేయిస్తున్నారు.

ఆ వార్డు నర్సు గోదావరి జిల్లా ఆవిడ, క్రైస్తవురాలు. డ్యూటీ ఎక్కేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నేను ఆ విషయం మీద ఆమెను చాలాసార్లు ఆటపట్టించాను. ఆమె చేతిలో కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యగారూ, ఇది చూడండొకసారి. మనం ఎక్కించిన నీళ్ళు ఇంత. డైపర్లు తూచితే పోసింది ఇంత. పిల్లేమో నిన్నటికంటే పావుకేజీ పైన పెరిగిపోయిందండి. మీ బూడిద పావుకేజీ తినేసిందంటారా?”

కాగితం అందుకుని ఆ అంకెలు మళ్ళీ కూడి చూశాను.

ఆమె వెళ్ళి తల్లి పక్కన నేలమీద చతికిలపడింది. “నువ్వు తల్లివమ్మా. దాహమని పిల్లేడుస్తుంటే నీ వల్ల కాదు. నా వల్లా కాదు. ఏం తాగించేవో చెప్పు. నేనేం అనను, ఎవర్నీ అననివ్వను.” ఆ చివరి మాట అంటున్నప్పుడు నావైపు చూసింది.

తల్లి కూడా నావైపే చూసింది. సంచిలో బట్టల కిందనుంచి నీలం రంగు ఫ్లాస్కు తీసింది.

“సారు చెప్పిన నీళ్ళే గదా. ఉప్పు, చక్కెర. బూడిద నీళ్ళు తాపమంటే మా వదిన మింద గూడా అరిచినా, మావోడికి ఇష్టముండదని. డాక్టరు నీళ్ళు మమ్నూ అన్న్యాడు. ఇవి నీళ్ళు గాదు గదా, మందు గదా అనుకున్న్యా.”

మూత తీసి ఒక గుక్క తాగాను. తీపి. తర్వాత ఉప్పు. నాలుక మొదట్లో మిగిలిపోయే లోహపు చేదు. పాప చెప్పిన చేదు.

“ఏ ఉప్పు కలిపావమ్మా?”

మేనత్త ముందుకొచ్చింది. “నేనిచ్చిన ఉప్పే. మా మామాకు బీపీ. ఉత్త ఉప్పు మమ్నూ అన్నాడంట వాళ్ళ డాక్టరు. ఈ డబ్బాలు పెట్టెలకు పెట్టెలు తెప్పిస్తారు. రెండు నాకిచ్చింది. ఖరీదైన ఉప్పు సారూ. గొప్పోళ్ళు తినేది. మన ఉప్పు కన్నా మంచిదే గదా అని బిడ్డ కోసం నేనే ఇచ్చినా.”

“ఎంత వేశావు?” అని తల్లిని అడిగాను.

“మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు ఏస్తే ఉప్పగా రాలే. కన్నీళ్ళంత ఉండాలని మీరే చెప్తిరి గదా. ఆ రుచి వచ్చేదాక ఏసినా.”

డబ్బా సంచిలోనే ఉంది. ఒకవైపు అరబ్బీ, ఇంకోవైపు ఇంగ్లిషు. సోడియం లేని ఉప్పు. లోపల ఉన్నది పొటాషియం క్లోరైడ్. రక్తపోటు ఉన్నవాళ్ళు, అదీ కిడ్నీలు బాగున్నవాళ్ళు, డాక్టరును అడిగి వాడుకోవలసిన వస్తువు. మామూలు ఉప్పంత ఉప్పగా ఉండదు కాబట్టి, నేను చెప్పిన రుచి కోసం ఆమె చెంచాలకు చెంచాలు వేసింది. కిడ్నీలు పడకేసిన బిడ్డకు ఏది ఇవ్వకూడదో సరిగ్గా అదే, నా కొలతతో, నా మాట మీద, రెండు రోజులు పోసింది. తల్లికి తెలుగు చదవడం వచ్చు, డబ్బా మీద తెలుగు లేదు. నాకు డబ్బా మీదున్న రెండు భాషలూ వచ్చు, ఆ డబ్బాను నేను అడగలేదు.

నర్సు అప్పటికే డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. పాపను ఐసీయూకు తీసుకుపోయారు. పొట్టలోకి గొట్టం పెట్టి, ద్రవం ఎక్కించి దించే డయాలసిస్ మొదలుపెట్టారు. ఇక బయటినుంచి పొటాషియం రావడం లేదు కాబట్టి, దించిన అంకె దిగినట్టే ఉంది. నేను డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ఆ నమూనాలు నేనే నడిపాను. తండ్రి సబ్హాన్ నుంచి గ్రీజు చేతులతోనే వచ్చి ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు అంకె ఎంతుంది సారూ అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు నర్సు ఒక తడి డైపర్ తూచి, ఆ కాగితం ల్యాబు కిటికీలోంచి నా బల్ల మీద పెట్టింది. “చూడండి అన్నయ్యగారూ. ఎంత పోసేసిందో మన చిట్టితల్లి.” అంత సంతోషంగా ఏ అంకెనూ నేను అంతకుముందు చదవలేదు. వారం దాటాక పాప ఇంటికి వెళ్ళింది. కిడ్నీలు కోలుకున్నాయి.

వెళ్ళేరోజు మేనత్త ల్యాబు తలుపు దగ్గరికి వచ్చింది.

“నా బూడిద పొట్లం యాడ సారూ?”

“పరీక్షకు వాడేశానక్కా.”

“ఏం తేలింది?”

“ఏమీ లేదు.”

“అది ఆ పొద్దే చెప్పినా గదా.”

“తప్పు నాదే. నలుగురిలో నిన్ను అనకూడని మాటలన్నాను. క్షమించు.” అంతటితో ఊరుకోవచ్చు కదా, నోరు ఊరుకోదు. “కానీ బూడిద మాత్రం పాపను బతికించలేదక్కా. డయాలసిస్ బతికించింది.”

“సరే. చంపనూ లేదు గదా. చంపబోయింది నీ నీళ్ళూ నా ఉప్పూ. సగం పాపం నీది, సగం నాది. పోయొస్తా, మామా డ్రైవరు హారను కొడతాండాడు.”

తర్వాతి శుక్రవారం రేకుల గదిలో ఇదంతా చెప్పాను. ఎవరి పేరు దాచినా లాభం లేదు, అందరికీ తెలుసు. వెనకనుంచి ఒకాయన, “అయితే మళ్ళీ తాయెత్తులు కట్టుకోమంటావా సారూ?” అన్నాడు. నవ్వులు. వద్దు, డబ్బాలు చదవండి అన్నాను. చదవడం రాకపోతే డబ్బా పట్టుకుని రండి, నేను చదువుతాను అన్నాను. వచ్చే శుక్రవారం తెస్తామన్నారు. ముగ్గురు తెచ్చారు. గదిలో నలభై మంది ఉంటారు.

ఇన్నేళ్ళయినా నన్ను విసిగించేది ఇదే. తర్వాత కూడా వార్డుల్లో బట్టల కింద దాచిన ఫ్లాస్కులు చూశాను. ఒకదాంట్లో బార్లీ, ఒకదాంట్లో దానిమ్మరసం, ఒకదాంట్లో ఎవరో స్వాములవారి తీర్థం. తీర్థం పోసినవాళ్ళను మూర్ఖులంటాం. దానిమ్మరసం పోసినవాళ్ళను బలానికి పోశారులే అంటాం. మూసుకుపోయిన కిడ్నీకి ఆ తేడా తెలియదు. అది నమ్మకాన్ని కొలవదు, సదుద్దేశాన్ని కొలవదు. లోపలికి ఏది ఎంత వెళ్ళిందన్నదే దానికి లెక్క. దాచేవాళ్ళను తిట్టి లాభం లేదు కూడా. తిడతారనే కదా దాస్తారు. నేను ఆ రోజు అరిచినట్టు అరిచేవాళ్ళు ఉన్నంతకాలం దాస్తూనే ఉంటారు. ఆ నర్సు ఏ సిద్ధాంతమూ లేకుండా, నేలమీద కూర్చుని అడిగింది. నేను నా సిద్ధాంతమంతా వేసుకుని నిలబడి అడిగాను. ఎవరికి నిజం దొరికిందో మీరు చూశారు.

విరేచనాలు పట్టుకున్న పిల్లకు ఉప్పూ చక్కెరా నీళ్ళు ఇప్పటికీ మంచివే, మామూలు ఉప్పుతో. నేను దాన్ని వెనక్కి తీసుకోను. నేను చెప్పకుండా వదిలేసినవి రెండు. ప్రతి జబ్బూ విరేచనాలు కాదని చెప్పలేదు. మీ ఇంట్లో ఏ ఉప్పు ఉందని అడగలేదు.

కాబట్టి ఇది చదివి బాగుందనో బాలేదనో పక్కన పెట్టకండి. ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్ళండి. ఉప్పు డబ్బా తిప్పి, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. పొటాషియం అని ఉంటే మామూలు ఉప్పుకు దూరంగా వేరే అలమరలో పెట్టి, మీద తెలుగులో పెద్దగా రాసి అంటించండి. ఇంట్లో వండేవాళ్ళకు అదేమిటో చూపించండి. ఆసుపత్రిలో మీ బిడ్డ ఉంటే, నోట్లోకి పోయిన ప్రతి చుక్కా నర్సుకు చెప్పండి, తీర్థమైనా సరే, నాలాంటివాడు చెప్పిన మందు నీళ్ళయినా సరే. నీళ్ళు వద్దని డాక్టరు అంటే, ఎందుకు వద్దో మీ భాషలో అర్థమయ్యేదాకా ఆయన్ని కదలనివ్వకండి. లేవండి, డబ్బా దించండి.